ఎడమకే తిరిగే మిర్చి బండి

నిజామాబాదుకూ బోధనుకూ నడుమ తనంత తెలివిగలవాడు లేడని లింబాద్రి నలభై ఏళ్లు వచ్చేదాకా గట్టిగా నమ్మాడు. ఆ నమ్మకంలో ముప్పాతిక వంతు ఒక ఎద్దును కొన్న రోజున పోయింది. మిగిలిన పావు వంతును ఆ ఎద్దే తొక్కేసింది. ఈ మాట ఊళ్లోవాళ్లు అన్నది కాదు, లింబాద్రే ముసలితనంలో కనబడిన ప్రతివాడికీ చెప్పుకుని నవ్వేవాడు.

అంతకుముందు అతను నిజామాబాద్ స్టేషన్ బయట మిరపకాయ బజ్జీలు వేసేవాడు. పొయ్యి, మూకుడు, జాలిగంటె, మోదుగాకుల కట్ట, అంతే దుకాణం. రైలు వస్తే బేరం, రాకపోతే ఈగలు. రైలేమో దాని ఇష్టం వచ్చినప్పుడు వచ్చేది. నూనె కాగి సిద్ధంగా ఉన్నప్పుడు రాదు, పొయ్యి ఆరిపోయాక కూత వేస్తుంది. ఆకలిగా దిగినవాళ్లు చల్లారిన మిర్చిని కొరికి, లింబాద్రి ముఖం వైపు ఒకసారి చూసి, ఏమీ అనకుండా పోయేవాళ్లు. ఏమైనా అని ఉంటే బాగుండేదని అతనికి అనిపించేది.

ఆ రోజుల్లోనే బోధను పక్కన చక్కెర కార్ఖానా లేచింది, ఇంకా పెరుగుతోంది. ఎక్కడెక్కడివాళ్లో పనికి వచ్చారు. నందిపేట నుంచి, సిరికొండ అడవి నుంచి, గోదావరి అవతల మరాఠీ ఊళ్ల నుంచి. మధ్యాహ్నం కూత కూసిందంటే వెయ్యిమంది ఒక్కసారి ఆకలితో గేటు బయటికి వస్తారట. వెయ్యిమంది! లింబాద్రికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి అతని బుర్రలో ఆలోచన ఒకటి పొంగి, మూత తన్నుకుని బయట పడింది.

"గంగూ, ఆకలైనోడు పొయ్యికాడికి ఎందుకు రావాలె? పొయ్యే ఆకలైనోని కాడికి పోవాలె. బండి మీద పొయ్యి పెడత."

గంగుబాయి అప్పుడు బర్రెకు కుడితి పెడుతోంది. ఆమె భర్త వైపు చూడలేదు, బర్రె వైపు చూసింది. ఇలాంటి ఆలోచనలు వచ్చినప్పుడల్లా ఇంట్లోంచి ఏదో ఒకటి బయటికి పోతుందని ఆమెకు అనుభవం.

నిజంగానే పోయింది. బర్రె పోయింది, పాత కచ్చురం బండి వచ్చింది. సంసారం బోధనులోని రాకాసిపేటలో ఒక అద్దె కొట్టంలోకి మారింది. బండి పైకప్పు తీసేసి, పలకల మీద జానెడు మందాన మట్టి మెత్తి, నడుమ పొయ్యి కట్టాడు లింబాద్రి. పక్కన ఉల్లిగడ్డల గంప, పిండి గిన్నె, చాయ్ కేటిలి. ముందు నొగల నడుమ ఒక్క ఎద్దు చాలు. ఇక ఎద్దు కావాలి.

కార్ఖానా వచ్చిందని చుట్టుపక్కల చెరుకు గానుగలు ఒక్కొక్కటే మూలపడుతున్నాయి. చెరుకంతా బండ్లెక్కి అటే పోతుంటే, బెల్లం వండేవాడు ఎవడున్నాడు? అలా గానుగ ఆపేయబోతున్న హన్మాండ్లు అనే రైతు దగ్గర మైలరంగు ఎద్దు ఒకటి అగ్గువ ధరకు ఉందని తెలిసింది. లింబాద్రి వెళ్లి చూశాడు. ఆ ఏటి ఆఖరి చెరుకు ఆడుతున్నారు. ఎద్దు కళ్లకు గంతలు కట్టుకుని, గానుగ చుట్టూ గంభీరంగా నడుస్తోంది. అదిలించేవాడు లేడు, కొట్టేవాడు లేడు. లింబాద్రి గట్టు మీద కూర్చుని పొద్దు వాలేదాకా చూశాడు. అది ఆగనేలేదు.

"మైలగాడు పన్నెండేండ్ల సంది గిదే పని చేస్తుండు అన్నా," అన్నాడు హన్మాండ్లు. "పొద్దంత నడుస్తడు. కసురుడు, కొట్టుడు ఏం లేదు."

"బండికి కట్టి సూపిస్తవా?"

"బండి నా కాడ ఏడిది? నడక సూస్తివి కద పొద్దంత. ఇంకేం సూస్తవ్?"

నిజమే కదా అనుకున్నాడు లింబాద్రి. అంత నడకను కళ్లారా చూసినవాడు ఇంకేం చూడాలి? ఎద్దును కొని, గంతలు విప్పకుండానే పగ్గం పట్టుకుని చేలగట్ల మీదుగా ఇంటికి తోలుకొచ్చాడు. దారిలో అది పదే పదే ఎడమవైపు లాగుతుంటే, పచ్చగడ్డి అటువైపు ఉంది కాబోలు అనుకున్నాడు. గడ్డి రెండువైపులా ఉంది. తర్వాత ఆలోచిస్తే తెలిసింది.

*

మొదటి రోజు పొయ్యి రగిలించి, మూకుడు పెట్టి, నూనె పోసి, ఎద్దును కట్టి, "నడువు బిడ్డా" అన్నాడు. మైలగాడు నడవలేదు. జీవితంలో మొట్టమొదటిసారి పగటి వెలుతురులో ప్రపంచాన్ని చూస్తున్నట్టు నాలుగు దిక్కులూ చూసి, కోళ్లను చూసి, గోడ మీద పిడకలను చూసి, ఆశ్చర్యం పట్టలేక కూలబడ్డాడు. తోక మెలిపెట్టినా లేవలేదు. అప్పుడు లింబాద్రికి గంతలు గుర్తొచ్చాయి. కట్టాడు. మైలగాడు వెంటనే లేచి హుందాగా బయలుదేరాడు. ఎడమకు.

కార్ఖానా కూలీల కోసం కడుతున్న ఇళ్ల చుట్టూ కొత్త ఇటుక గోడ ఒకటి ఉంది. బండి ఆ గోడ పట్టుకుంది. ఒక చుట్టు తిరిగింది. ఇంకొకటి తిరిగింది. పగ్గం కుడికి లాగితే మెడ కుడికి వస్తోంది, కాళ్లు మాత్రం ఎడమకే పోతున్నాయి. ఏడుసార్లు చుట్టూ తిరిగితే గోడ కూలిపోయిన పట్నం ఒకటి ఉందని పాదిరీల బడిలో చదువుకున్నవాళ్లు చెబుతారు. లింబాద్రి తొమ్మిదిసార్లు తిరిగాడు, ఒక్క ఇటుకా కదల్లేదు. నాలుగో చుట్టుకే ఎవరో ముసలమ్మ మొక్కు కాబోలనుకుని మైలగాడి నొసటికి పసుపూ కుంకుమా పెట్టింది. ఆరో చుట్టుకు లింబాద్రి కూడా దండం పెట్టుకున్నాడు. తొమ్మిదో చుట్టులో మధ్యాహ్నం కూత వినబడింది. వెయ్యిమంది ఆకలి అక్కడ, వాళ్ల మిర్చి ఇక్కడ.

అతను ఎలాగో గేటు చేరేసరికి అక్కడ యాపచెట్టు కింద పెంటవ్వ గంప బోర్లించి కూర్చుని ఉంది. డెబ్బై ఏళ్ల మనిషి. ఇందల్వాయి దిక్కు నుంచి కొడుకుతో పాటు వచ్చి రాకాసిపేటలోనే ఉంటోంది. పొద్దున్నే జొన్నరొట్టెలు చేసి, ఉల్లికారం నూరి, గంప నెత్తిన పెట్టుకుని రెండు మైళ్లు నడిచి వస్తుంది. వచ్చింది, అమ్మింది, ఇప్పుడు తీరిగ్గా ఆకు నములుతోంది.

"ఏం లింబన్నా, బండికి తొవ్వ దొరకలేదా?"

"దొరికింది అవ్వా. ఒక్క తొవ్వనే తొమ్మిదిసార్లు దొరికింది."

పెంటవ్వకు నవ్వు వచ్చి ఆకు గొంతులో అడ్డం పడింది.

గేటు దగ్గర జమేదారు దేవిదాస్ ఉండేవాడు. నాందేడు వైపు మనిషి. తలపాగా, కర్ర, మీసం, మూడూ సమానంగా నిగడదన్ని ఉండేవి. తెలుగులో మొదలుపెట్టి కోపం వస్తే మరాఠీలోకి దిగేవాడు.

"కాయ్ రే లింబాద్రి! గేటు ముంగట ఒక్కటే దుకాణం ఆగాలె. రెండోది ఆగితే సాహెబు మోటారుకు అడ్డం. ఇవాళ అవ్వ ముందు వచ్చింది. వారం అంగడి రోజు దాకా సూస్త. ఆ రోజు కూత కూసేటప్పటికి చెట్టు కింద ఎవరు ఆగి ఉంటే జాగా వాళ్లదే. తర్వాత నా కాడికి ఫిర్యాదు తేవొద్దు."

లింబాద్రి ఇంటికి వచ్చి ఈ సంగతి చెప్పాడు. గంగుబాయి మూలనున్న బర్రె పగ్గం తీసి, దులిపి, గుంజకు తగిలించింది.

"అంగడి రోజు నేను గేటు కాడికి వస్త," అంది. "జాగా దొరికిందా, మంచిది. దొరకలేదా, ఆ పగ్గం ఆ ఎద్దు మెడకేసి అటే అంగడికి తోలుకపోత. అమ్మి నా బర్రెను తెచ్చుకుంట. నువ్వు మల్ల రైలు కాడ ఈగలు కొట్టుకో."

"నా మీద నమ్మకం లేదా గంగూ?"

"నీ మీద ఉన్నది. నీ తెలివి మీదనే లేదు."

*

అంగడికి ఆరు రోజులుంది. రెండో రోజు లింబాద్రి ముకుతాడు పట్టుకుని బండి ముందు నడిచాడు. ఎద్దు తిన్నగా వచ్చింది. కానీ వెనక మూకుడు దగ్గర మనిషి లేడు. గతుకు వచ్చినప్పుడల్లా నూనె పొయ్యిలో పడి, నిలువెత్తు మంట లేచేది. గేటు చేరేసరికి మిర్చిలు బొగ్గులయ్యాయి, ఉల్లిగడ్డల గంప ఒక పక్క అంటుకుంది. ఆ రోజూ పెంటవ్వ ముందే ఉంది. మాడిన మిర్చి ఒకటి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"పండ్లు తోముకోను మంచిగుంటది," అంది.

మూడో రోజు మాత్రం అతని తెలివికి మళ్లీ ప్రాణం వచ్చింది. మైలగాడికి కళ్లు లేకపోతేనేం, ముక్కుంది కదా! పన్నెండేళ్లు చెరుకు వాసనలో బతికిన ముక్కు. పొడుగాటి వెదురుకర్రకు చెరుకు ముక్క కట్టి, బండిలోంచే ఎద్దు ముక్కుకు కుడివైపున చాచి పట్టుకున్నాడు. కాళ్లు ఎడమకు పోతాయి, ముక్కు కుడికి పోతుంది, బండి నడుమ పోతుంది! లోకంలో ఇంతకన్నా గొప్ప లెక్క ఉందా?

నూరు అడుగులు బండి గీత గీసినట్టు పోయింది. ఆ తర్వాత మైలగాడు మెడ చాచి చెరుకు అందుకుని, నిలబడి, కళ్లు మూసుకున్నాడో లేదో గంతల వెనక కనబడదు గానీ, పరమానందంగా నమిలాడు. ముక్క అయిపోగానే ఎడమకు. ఇంకో ముక్క కట్టాలి. అలా నూరేసి అడుగులకు ఒక చెరుకు ముక్క. కార్ఖానాకు చెరుకు తోలే బండ్లవాళ్లు లింబాద్రిని చూసి, "మా కార్ఖానాకన్న నీ ఎద్దే ఎక్కువ ఆడుతున్నది గద అన్నా!" అని అరిచేవాళ్లు. కర్ర పట్టుకున్న చేయి కర్రకే సరిపోయేది. పిండి కలపడానికి చేయి లేదు, మిర్చి వేయడానికి చేయి లేదు. బండి గేటు చేరేది, తినడానికి దాంట్లో ఏమీ ఉండేది కాదు.

అయినా ఆ వారంలో సంతోషం లేదనుకుంటే తప్పు. నాలుగో రోజు ఎలాగో పది మిర్చిలు వేడివేడిగా దిగాయి. సిరికొండ కూలీ ఒకతను, పొద్దున్నుంచి ఇనుము మోసిన మనిషి, మోదుగాకులో మిర్చి పెట్టించుకుని కొరికాడు. కళ్లలో నీళ్లు వచ్చాయి. కారానికో, దేనికో. "గిట్లనే మా అవ్వ చేస్తుండె," అన్నాడు. ఇంకొకటి అడిగాడు. లింబాద్రి ఆ సాయంత్రం ఇంటికి ఎలా చేరాడో అతనికి గుర్తు లేదు. మైలగాడు ఎన్ని చుట్లు తిప్పాడో కూడా లెక్కపెట్టలేదు. గుంజకు వేలాడుతున్న బర్రె పగ్గం చూసినప్పుడే మళ్లీ భూమ్మీదకు దిగాడు.

*

అంగడి రోజు వచ్చింది. లింబాద్రి చీకటితోనే లేచి, మోపెడు చెరుకు ముక్కలు కొట్టి, బండిలో పేర్చి, ఇంకా ఎండ ముదరకముందే బయలుదేరాడు. ఈ రోజు ముందుగా పోయి చెట్టు కింద ఆగాలి. మిర్చి సంగతి తర్వాత.

సగం దారిలో మైలురాయి మీద పెంటవ్వ కూర్చుని ఉంది. గంప పక్కన దింపి, వాచిన మోకాలు పట్టుకుని ఒత్తుకుంటోంది.

లింబాద్రి కర్రను ఇంకా ముందుకు చాచాడు. గెలిచాను అనుకున్నాడు. బండి ఆమె పక్కనుంచి పోతోంది. ముసలమ్మ తలెత్తి చూసి, "పో బిడ్డా, ఇయ్యాల నీదే," అంది. నవ్వుతూనే అంది.

ఇక్కడ లింబాద్రి జాలి గుండె గురించి నాలుగు మంచి మాటలు చెప్పుకోవచ్చు. ఎవరైనా చెప్పబోతే అతనే అడ్డం వచ్చేవాడు. అప్పుడు తన మనసులో మెదిలింది జాలి కాదట. బండిలో ఇంకో మనిషి ఉంటే వెదురుకర్ర పట్టుకోవచ్చు, అప్పుడు తన రెండు చేతులూ మూకుడుకు మిగులుతాయి అని తట్టిందట. జాలి ఆ తర్వాత ఫర్లాంగు దూరం పోయాక వచ్చిందట.

"అవ్వా, ఎక్కు."

"నీకు పిచ్చి లేసిందా? నన్ను ఎక్కించుకపోతె జాగా ఎవలది?"

"అక్కడికి పోయినంక కొట్లాడుకుందం. ముందు గీ కర్ర పట్టుకో."

పెంటవ్వ ఎక్కింది. కర్ర పట్టుకుంది. ఇక్కడ ఇంకో విచిత్రం. ఆమె చెరుకు ముక్కను ఎద్దుకు అందీ అందకుండా, బెత్తెడు దూరంలో ఆడించసాగింది. లింబాద్రి చేతిలో నూరు అడుగులకు అయిపోయిన ముక్క, ఆమె చేతిలో మైలు దూరం వచ్చింది.

"ఏడుగురు పిల్లల్ని పెంచిన బిడ్డా," అంది. "ఇస్త ఇస్త అనుకుంటనే పెంచిన."

వెనక లింబాద్రి పిండి కలిపాడు, మిరపకాయలు చీల్చాడు, వాము ఉప్పు కూరాడు, మూకుడులో వేశాడు. వారం రోజుల్లో మొదటిసారి మిర్చి బంగారం రంగుకు వచ్చింది. గేటు కనబడింది. చెట్టు కింద ఎవరూ లేరు. కూతకు ఇంకా కొంచెం టైముంది. జమేదారు కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. అతని పక్కన, చేతిలో బర్రె పగ్గంతో, గంగుబాయి.

"అవ్వా, ఆపు! గీడనే ఆపు!"

"నేను ఆపుడేంది? ఎద్దు నీది!"

పెంటవ్వ చేతిలో ఉన్న ఆఖరి ముక్క అయిపోయింది. మైలగాడు చెట్టు నీడ తగలగానే, మొదలు చుట్టూ తొక్కి గట్టిపడ్డ నేల కాలికి తగలగానే, పన్నెండేళ్ల ఇల్లు దొరికినట్టు ఒక పెద్ద శ్వాస విడిచి, ఎడమకు తిరిగాడు. చెట్టు చుట్టూ ఒక చుట్టు. రెండో చుట్టు. గంతలు తీద్దామని లింబాద్రి ముందుకు వంగితే మూకుడు ఒరిగింది. మూకుడు పట్టుకుంటే గంతలు అందవు. పెంటవ్వ మాత్రం, బండి మెల్లగానే పోతోంది కాబట్టి, వెనకనుంచి గంపతో సహా దిగి, చెట్టు మొదట్లో కూర్చుని కాళ్లు చాపుకుంది.

కూత కూసింది.

"జాగా అవ్వది!" అన్నాడు జమేదారు. "చెట్టు కింద ఆగింది ఆమెనే. అందరు సూసిండ్రు."

గంగుబాయి పగ్గం భుజాన వేసుకుంది. లింబాద్రి చుట్టు తిరుగుతూ ఆమె ముందు నుంచి పోయినప్పుడు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఇంకో చుట్టుకు మళ్లీ ఎదురైంది. మళ్లీ తిప్పుకున్నాడు. ఓడిపోయినవాడు ఒకసారి తలొంచుకుని పోతే అయిపోతుంది. గిరగిరా వచ్చి వచ్చి తలొంచుకోవాల్సిన ఖర్మ ఇంకెవరికీ రాకూడదు అనుకున్నాడు.

అంతలో గేటు తెరుచుకుంది. వెయ్యిమంది. వాళ్లకు జాగా గొడవ తెలియదు. పెంటవ్వ రొట్టెల కోసం చెట్టు చుట్టూ మూగారు. మూగినవాళ్ల వీపుల వెనక వేడి మిర్చి వాసన ఒకటి వచ్చి, పోయి, మళ్లీ వచ్చింది. ఒకడు వెనక్కి తిరిగి చేయి చాచాడు. లింబాద్రి ఏం చేస్తాడు, మోదుగాకులో రెండు పెట్టి అందించాడు. పక్కవాడు చాచాడు. వాడికీ ఇచ్చాడు. ఎవడూ కదలనక్కర్లేదు, తోసుకోనక్కర్లేదు. రొట్టె పట్టుకుని నిలబడితే చాలు, మిర్చి వాళ్ల దగ్గరికే వస్తోంది. ఈ చుట్టులో తప్పిపోయినవాడు వచ్చే చుట్టుకు సిద్ధంగా ఉంటున్నాడు. చుట్టు పూర్తయ్యేసరికి ఇంకో వాయి సరిగ్గా వేగుతోంది.

జమేదారు మీసం వణికింది. "ఏ లింబాద్రి! థాంబ్! థాంబ్! ఆగు! రెండో దుకాణం ఆగొద్దని చెప్పలేదా?"

"నేను ఆగిన్నా సాబ్?" అన్నాడు లింబాద్రి పోతూ పోతూ. మిగిలిన మాట తర్వాతి చుట్టులో చెప్పాడు. "ఆగుమని మీరే చెప్పుండ్రి, నా మాట వింటలేదు!"

కూలీలు గొల్లుమన్నారు. అప్పుడే సాహెబు మోటారు గేటులోంచి బయటికి వచ్చింది. జమేదారు గుండె చేత్తో పట్టుకున్నాడు. మోటారు ఆగింది, బండి దాని ముందు నుంచి దాటిపోయింది, మోటారు కదిలి వెళ్లిపోయింది. అడ్డమేమీ రాలేదు. పైగా డ్రైవరు దాటిపోతున్న బండిలోంచి ఒక ఆకు అందుకున్నాడు. జమేదారు చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. తన హుకుం ఎక్కడ తెగిందో అతనికి అంతు చిక్కలేదు. చివరికి, వచ్చే చుట్టుకు, అతని చేయి కూడా బయటికి వచ్చింది.

పిండి అయిపోవస్తోంది. లింబాద్రికి చెమట కళ్లలోకి కారుతోంది. ఎవరో నడుస్తున్న బండిలోకి ఎక్కి, పిండి గిన్నె లాక్కున్నారు. భుజం మీద బర్రె పగ్గం ఇంకా ఉంది.

"శెనగపిండి ఏడున్నది?" అంది గంగుబాయి.

"గా డబ్బల. ఎద్దును అమ్మవా?"

"దాన్నెందుకు అమ్ముత? దానికి తన పని తెలుసు." పిండిలో నీళ్లు పోసి కలిపింది. "అమ్మెటట్టుంటే వేరేటోనిని అమ్ముత. కొనేటోడు దొరకాలె గద."

*

మూకుడు చల్లారేసరికి పొద్దు వాలింది. అప్పుడు గుర్తొచ్చింది, ఇంటికి పోవడానికి ఒక్క చెరుకు ముక్క కూడా మిగల్లేదని. గంతలు ఉంచితే, ముకుతాడు పట్టి గుంజినా ఎద్దు ఈ చెట్టును వదలదు. తీస్తే కూలబడుతుంది. పెంటవ్వను ఇంటిదాకా దింపాలి, ఆమె మోకాలు ఇంకా వాచే ఉంది. లింబాద్రి కాసేపు ఆలోచించాడు. ఈసారి తెలివిని కలుపుకోకుండా, ఒట్టి చేతులతో ఆలోచించాడు. ఎద్దును విప్పి, గంతలు తీసి, నొగల నడుమ తానే దూరి, కాడి ఎత్తి భుజాన పెట్టుకున్నాడు.

బండిలో పెంటవ్వ. వెనక బర్రె పగ్గంతో మైలగాడిని పట్టుకుని గంగుబాయి. ఎద్దు, ఆశ్చర్యం, ఈసారి కూలబడలేదు. ముందు బండి లాగుతున్న మనిషిని చూసి, లోకంలో ఇంతకన్నా వింత ఏముంటుందనుకుందో ఏమో, కళ్లు విప్పార్చుకుని వెంట నడిచింది.

అంగడి నుంచి తిరిగివస్తున్న జనంలో హన్మాండ్లు ఉన్నాడు. నిలబడిపోయాడు. "ఏమైంది లింబన్నా? ఎద్దుకు పానం బాలేదా?"

"మస్తు మంచిగున్నది," అన్నాడు లింబాద్రి రొప్పుతూ. "పొద్దంత అది చేసింది. గిప్పుడు నా పాలి."

హన్మాండ్లు ఇంకేదో అనబోయాడు గానీ, బండిలోంచి పెంటవ్వ గొంతు ముందు లేచింది. చేతిలోని వెదురుకర్ర లింబాద్రి కుడి చెవి పక్కన ఆడింది.

"ఓ బిడ్డా, కుడికి, కుడికి! ఎడమకు గుంజుతున్నవు!"